రక్తం కడిగితే సరిపోతుందా? లోపలి నిప్పు ఆర్పేదెవరు?

సంపాదకీయం

ఉడుపులు ముగిశాక జరిగిన సంఘం సమావేశానికి మన పాత సభ్యుడొకరు చాలా రోజుల తర్వాత వచ్చారు. భీమసింగి చక్కెర కర్మాగారానికి చెరకు తోలిన రోజుల్లో బళ్ల వరసకు ముందు నిలబడి కాటా దగ్గర తగువు ఆడిన మనిషి. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కి ఆయాసపడుతున్నారు. మూడేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. మేము పలకరిస్తే ఆయన అన్న మాట ఇది: "వారానికి మూడు సార్లు ఎల్తన్నాను, రగతం కడిగేత్తన్నారు, ఒచ్చేత్తన్నాను. మరి ఒల్లు ఎందుకు ఇలగ సిక్కిపోతంది బావూ? ముద్ద నోట్లోకి దిగతం నేదు."

ఆయన సంచిలో రక్త పరీక్షల కాగితాలు ఉన్నాయి. డాక్టరు చూసి "ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంది" అన్నారట. అదేమిటో, ఎందుకు వచ్చిందో, ఏం చెయ్యాలో అడిగే తీరిక అక్కడ లేదు. పక్క బెడ్డు ఖాళీ అయ్యేసరికి తర్వాతి మనిషి వచ్చేశాడు. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కారు.

ఆ కాగితాల్లో ఉన్నది ఒక్క మనిషి సంగతి కాదు. శృంగవరపుకోట చుట్టుపక్కల పల్లెల్లోనే డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు మనకు తెలిసినవాళ్లే కొందరు ఉన్నారు. ఇక మన పక్క జిల్లా ఉద్దానం సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఈ నెల ఎరువుల ధరల గురించి రాయాల్సిన చోట ఈ విషయం రాస్తున్నాం. మేము డాక్టర్లం కాదు. తెలిసిన వైద్యులను అడిగి, చదివి, మనకు అర్థమయ్యే మాటల్లో చెబుతున్నాం.

ఊక నిప్పు లాంటిది

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి, వాచి, వేడెక్కుతుంది. అది ఒంటి కాపలా. ముల్లు తీసేస్తే రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఇది మంచి వాపు. కానీ ముల్లు తీసేవాళ్లు లేకపోతే? రోజూ కొత్త ముల్లు గుచ్చుకుంటూనే ఉంటే? అప్పుడు ఆ మంట ఆరదు. పైకి కనపడదు, జ్వరం ఉండకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. ఊక కుప్పలో పడ్డ నిప్పు లాగ పొగ కూడా రాకుండా లోపలే కాలుతుంది. దీన్నే డాక్టర్లు దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ అంటారు.

దీన్ని కనిపెట్టడానికి సీఆర్‌పీ అనే రక్త పరీక్ష ఉంది. చాలా ల్యాబుల లెక్కలో లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో మూడోవంతు నుంచి సగం మందికి ఇది నెలల తరబడి ఎక్కువగానే ఉంటుందని అనేక దేశాల్లో చూశారు. అంటే ఇది మన సభ్యుడి దురదృష్టం కాదు, ఆయన చేసిన తప్పూ కాదు. డయాలసిస్‌తో పాటు వచ్చే పెద్ద చిక్కుల్లో ఇదొకటి.

నిప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటిది, చెడిపోయిన కిడ్నీయే. మంటను పెంచే కొన్ని పదార్థాలను కిడ్నీ ఎప్పటికప్పుడు బయటకు పంపుతుంది. అది పని మానేస్తే అవి రక్తంలో పేరుకుంటాయి. మిషను వారానికి పన్నెండు గంటలు పనిచేస్తుంది. కిడ్నీ అయితే వారంలో ఉన్న 168 గంటలూ పనిచేసేది. ఈ తేడా ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా.

రెండోది, మెడలో పెట్టే పైపు. డయాలసిస్ అత్యవసరంగా మొదలైతే మెడ నరంలోకి పైపు వేస్తారు. అది తాత్కాలికం. చేతిలో ధమనిని సిరతో కలిపి చేసే ఫిస్టులా అసలైన దారి. 1966లో న్యూయార్క్ వైద్యులు లోకానికి చెప్పిన పద్ధతి ఇది. అరవై ఏళ్లు కావస్తున్నా దీన్ని మించినది రాలేదు. పెద్ద కాలువ నీళ్లు పిల్ల కాలువలోకి మళ్లిస్తే పిల్ల కాలువ వెడల్పు అయినట్టు, ఫిస్టులా చేసిన చోట నరం లావెక్కి సూది దిగడానికి వీలవుతుంది. అయితే అందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి డయాలసిస్ తప్పదని తెలిసిన రోజే ఫిస్టులా మాట ఎత్తాలి. మన సభ్యుడి మెడలో పైపు ఐదు నెలలు ఉండిపోయింది. ఆ ఐదు నెలల్లో రెండు సార్లు మిషను మీద ఉండగానే చలిజ్వరం వచ్చింది. ఇంటికొచ్చి బిళ్ల వేసుకుని పడుకున్నారు. పైపులో చీము పట్టిందన్న సంగతి ఆలస్యంగా తెలిసింది.

మూడోది, నీళ్లు. రైతులకు ఇది బాగా అర్థమవుతుంది. మామూలు మనిషి వారంలో తాగేది పద్నాలుగు లీటర్లు అనుకుందాం. డయాలసిస్ రోగి రక్తం ఒక్క విడతలోనే సుమారు 120 లీటర్ల నీటికి ఎదురవుతుంది. మధ్యలో ఉండేది పలచటి పొర ఒక్కటే. ఆ నీటిలో క్రిములు, వాటి విషపు ముక్కలు ఉంటే అవి పొర దాటి రక్తంలోకి వచ్చి మంట రేపుతాయి. క్లోరిన్ మిగిలితే రక్తకణాలు పగిలిపోతాయి. 1996లో బ్రెజిల్ దేశంలో కరువారు అనే ఊళ్లో ఏం జరిగిందో తెలుసుకోవాలి. కరువు వచ్చి నీళ్లు తగ్గాయి. చెరువు నీటిని సరిగా శుద్ధి చెయ్యకుండా ట్యాంకర్లతో డయాలసిస్ కేంద్రానికి తోలారు. ఆ నీటిలో పచ్చనాచు విషం ఉంది. 50 మందికి పైగా రోగులు చనిపోయారు. అది అరుదైన ఘోరమే. కానీ నీటి ప్లాంటు పొరలు మార్చడం, ట్యాంకు, గొట్టాలు కడగడం, నెలనెలా పరీక్షకు పంపడం వాయిదా పడిన ప్రతి చోటా చిన్న ఎత్తున అదే జరుగుతుంది. ఎవరూ ఆ రోజే చచ్చిపోరు. ఊక నిప్పు మరికొంచెం రాజుకుంటుంది, అంతే.

ఇవి కాక, చిగుళ్ల జబ్బు ఒక కారణం. పళ్ల సందుల్లో చీము ఉంటే ఒళ్లంతా దాని ప్రభావం ఉంటుంది. మన వైపు అడ్డచుట్ట కాల్చే పెద్దమ్మలు, చుట్ట మానని పెద్దలు ఉన్నారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు పొగ ఏ రూపంలోనూ పనికిరాదు. మిషను ఫిల్టరును కడిగి మళ్లీ వాడే చోట ఆ కడగడం, పరీక్షించడం పద్ధతిగా జరగాలి. ఒకరి ఫిల్టరు ఇంకొకరికి పోకూడదు.

నిప్పు ఏం చేస్తుంది?

ముందు ఆకలి చచ్చిపోతుంది. తిన్నది కండ కట్టదు. ఉన్న కండ కూడా కరిగిపోతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోతుంది. డెసిలీటరుకు మూడున్నర గ్రాముల కంటే తగ్గితే డాక్టరు జాగ్రత్తపడతారు. మన సభ్యుడు "ముద్ద దిగతం నేదు" అన్నది ఇదే.

తర్వాత రక్తహీనత. డయాలసిస్ రోగులకు రక్తం పట్టడానికి ఎరిత్రోపాయిటిన్ సూది ఇస్తారు, ఐరన్ ఎక్కిస్తారు. లోపల మంట ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది ఒంట్లో ఉన్న ఇనుమును నిల్వల్లోనే బంధించేస్తుంది. గోదాములో ధాన్యం ఉంటుంది, తాళం చెవి ఉండదు, బయట జనం పస్తుంటారు. సూది మీద సూది వేసినా హిమోగ్లోబిన్ పెరగదు. అలాంటప్పుడు మోతాదు పెంచే ముందు "లోపల ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉందా?" అని వెతకాలి.

అన్నిటికంటే పెద్దది గుండె. లోపలి మంట రక్తనాళాల గోడలను గరుకు చేసి, కొవ్వు పేరుకునేలా చేస్తుంది. డయాలసిస్ రోగులు ఎక్కువగా చనిపోతున్నది కిడ్నీ వల్ల కాదు, గుండె జబ్బు వల్ల. "మిషను మీద బాగానే ఉన్నాడు, ఉన్నట్టుండి పోయాడు" అని మనం ఊళ్లో చెప్పుకునే మాటల వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. తిండి తగ్గడం, మంట, రక్తనాళాలు పూడడం - ఈ మూడూ ఒకదానికొకటి ఎగదోసుకుంటాయి.

ఇది రైతు సంఘం మాట్లాడాల్సిన విషయమా?

ముమ్మాటికీ. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు పడినవాళ్లు ఎవరు? కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో, వరి చేలల్లో పనిచేసినవాళ్లు. అక్కడ పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని సర్వేలు తేల్చాయి. వాళ్లలో చాలామందికి చక్కెర జబ్బు లేదు, రక్తపోటు లేదు. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్లు చాలక అన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కోత కూలీలకు కూడా ఇదే జబ్బు. మూడు చోట్లా మనిషి ఒకడే: ఎండలో వంగి పనిచేసేవాడు.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదని మేము అనం. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించింది. పేదలకు డయాలసిస్ ఉచితం అయింది. డయాలసిస్ మీద ఉన్నవారికి రాష్ట్రంలో 2019 నుంచి నెలకు 10 వేల రూపాయల పింఛను వస్తోంది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా అదే రోజు మొదలైంది. ఇవన్నీ ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి ప్రజలు రోడ్డెక్కితే, చనిపోయినవాళ్ల ఫొటోలు పట్టుకుని కలెక్టరేట్ల ముందు కూర్చుంటే వచ్చాయి.

అయితే మనం ఇంతవరకూ అడిగింది మిషను. మిషను వచ్చింది. ఇప్పుడు అడగాల్సింది మిషను పక్కన ఉండాల్సినవాటి గురించి. ట్రాక్టరు ఇచ్చి డీజిలు, నాగలి ఇవ్వకపోతే దుక్కి అవుతుందా? ఎన్ని మిషన్లు ఉన్నాయన్నది లెక్క రాస్తున్నారు. ఆ మిషన్ల మీద మనిషి ఎన్నేళ్లు, ఎలా బతుకుతున్నాడన్న లెక్క ఎవరు రాస్తున్నారు?

పది వేల పింఛను ఎలా ఖర్చవుతోందో మన సభ్యుడి ఇంటామె చెప్పారు. వారానికి మూడు సార్లు ఆటో. తోడు వెళ్లే కొడుకు కూలి పోవడం. బయట కొనమని రాసే మందులు. బయట చేయించే పరీక్షలు. చివరికి కోత పడేది తిండి మీద. డయాలసిస్ మీద ఉన్న 60 కిలోల మనిషికి రోజుకు 60 నుంచి 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రోజంతా అన్నమే తింటే అందులో సగం కూడా రాదు. గుడ్డు, చేప, పప్పు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పుడు ఉద్దానంలో కూలింది చెట్లే కాదు, ఇలాంటి ఇళ్లలో గుడ్డు కొనే డబ్బులు కూడా. పంట ధర, రోగి కంచం రెండూ ఒకే లెక్కలోవి. అందుకే ఇది రైతు సంఘం పని.

ఇంట్లో చూసుకోవాల్సినవి

మిషను మీద ఉండగా గాని, ఇంటికొచ్చాక గాని చలిజ్వరం వస్తే బిళ్ల వేసుకుని పడుకోవద్దు. అదే రోజు కేంద్రంలో చెప్పాలి. పైపు చుట్టూ ఎరుపు, నొప్పి, తడి ఉంటే దాచుకోవద్దు. పైపు ఉన్న చోట తడి తగలనివ్వద్దు.

ఫిస్టులా ఉన్న చేతికి బరువులు ఎత్తొద్దు. ఆ చేతికి రక్తపోటు చూడనివ్వద్దు, రక్తం తియ్యనివ్వద్దు. రోజూ పొద్దున్న వేలు పెట్టి చూస్తే గిరగిరమని అదురు తెలియాలి. తెలియకపోతే వెంటనే వెళ్లాలి.

నీళ్లు, ఉప్పు డాక్టరు చెప్పిన కొలతలోనే. ఆవకాయ, ఎండు చేపలు తగ్గించాలి. కొబ్బరి నీళ్లు వద్దు. ఇది చెప్పడానికి మాకే బాధగా ఉంది. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట ఎలా చెబుతాం? కానీ అందులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. చుట్టం రోగిని చూడడానికి వస్తూ బొండాలు తెచ్చే అలవాటు మానాలి. తెస్తే నాలుగు గుడ్లు తెండి. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. "కిడ్నీ జబ్బుకి గుడ్డు పనికిరాదు" అని డయాలసిస్‌కు ముందు చెప్పిన పత్యాన్ని డయాలసిస్ మొదలయ్యాక కూడా పట్టుకుని కూర్చున్న ఇళ్లు ఉన్నాయి. అది తప్పు. డయాలసిస్ మొదలయ్యాక మాంసకృత్తులు పెంచాలి. ఎంత అన్నది డాక్టరునే అడగండి.

నాటు మందుల వాళ్ల దగ్గరకు పోయి మిషను మానేసినవాళ్లు వారం పది రోజుల్లో ఊపిరాడక ఆస్పత్రికి వచ్చిన సంగతులు మనకు తెలుసు. ఒక్క విడత కూడా మానొద్దు.

ఇంకా జబ్బు రానివాళ్లకు ఒక మాట. నడుం నొప్పి, ఒళ్లు నొప్పులని కిళ్లీ కొట్లో దొరికే బిళ్లలు రోజూ మింగొద్దు. మధ్యాహ్నం ఎండలో పని ఆపి నీడకు రండి, దాహం వేసే దాకా ఆగకుండా నీళ్లు తాగండి. మధ్య అమెరికా చెరకు తోటల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి అన్న మూడు మాటల మీదే కూలీలను కాపాడే పని నడుస్తోంది. ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోండి.

మా డిమాండ్లు

1. ప్రతి డయాలసిస్ కేంద్రంలో నీటి పరీక్ష ఫలితాలను, ఏ తేదీన చేశారో సహా, రోగులు చదవగలిగేలా తెలుగులో గోడకు అంటించాలి. రేషన్ షాపు ముందు నిల్వల బోర్డు పెట్టించింది మనమే. ఇక్కడా పెట్టించగలం.

2. డయాలసిస్ తప్పదని తెలిసిన రోగికి ముందుగానే ఉచితంగా ఫిస్టులా చెయ్యాలి. మెడ పైపు మీద నెలల తరబడి ఎవరినీ ఉంచకూడదు. ఎంతమంది పైపు మీద ఉన్నారో ప్రతి కేంద్రం లెక్క చెప్పాలి.

3. హిమోగ్లోబిన్, ఆల్బుమిన్ పరీక్షలు నెలనెలా, అవసరమైనప్పుడు సీఆర్‌పీ పరీక్ష కేంద్రంలోనే ఉచితంగా చెయ్యాలి. కాగితం చేతిలో పెట్టడమే కాదు, అందులో ఏముందో చెప్పాలి.

4. డయాలసిస్ రోజున రోగికి రెండు గుడ్లతో భోజనం పెట్టాలి. బడి పిల్లలకు పెట్టగలిగినప్పుడు వీళ్లకు పెట్టలేమా?

5. రోగికి, తోడు మనిషికి ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం ఇవ్వాలి. బస్సు లేని గిరిజన గూడేలకు వాహనం పంపాలి. కుదిరినవాళ్లకు ఇంటి దగ్గరే చేసుకునే పొట్ట డయాలసిస్ శిక్షణ, సరంజామా ఇవ్వాలి.

6. విజయనగరం జిల్లా పల్లెల్లోనూ ఉద్దానంలో లాగే ఇంటింటి కిడ్నీ పరీక్షలు చెయ్యాలి. ఉద్దానంలో ఇరవై ఏళ్లు ఆలస్యం అయింది. ఇక్కడ కాకూడదు.

ఇందులో ఒక్కటి కూడా కొండ మీది కోతిని తెమ్మన్న కోరిక కాదు.  కాకపోతే వీటికి శంకుస్థాపన ఉండదు, రిబ్బను కత్తిరించే పని ఉండదు. అందుకే ఎవరికీ పట్టడం లేదు.

సంఘం గ్రామ శాఖలకు మా విన్నపం: మీ ఊళ్లో డయాలసిస్‌కు వెళ్తున్నవాళ్లు ఎందరో రాయండి. పైపా, ఫిస్టులానా? వారానికి ఎన్ని సార్లు? చివరి రక్త పరీక్ష ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలు చాలు. పేర్లు మాకు అక్కర్లేదు. ఆ లెక్కలు పట్టుకుని జిల్లా వైద్యాధికారి దగ్గరకు వెళ్దాం.

మన సభ్యుడి సంగతి చెప్పి ముగిస్తాం. ఆ రోజు సమావేశం అయ్యాక సంఘంలో చదువుకున్న కుర్రాడొకడు ఆయన వెంట కేంద్రానికి వెళ్లి, కాగితాలు డాక్టరు ముందు పెట్టి గట్టిగా అడిగాడు. నోరు తెరిచి చూస్తే రెండు పళ్ల కింద చీము ఉంది. అవి తీయించారు. ఆకలి కొంచెం తిరిగి వచ్చిందని ఇంటామె చెప్పారు. నిప్పంతా ఆరిందని మేము చెప్పలేం. కానీ ఒకరు వెంట వెళ్లి అడిగితే మూడేళ్లలో ఎవరూ చూడనిది ఒక్క పూటలో కనపడింది. సంఘం అంటే అదే కదా. ఒక్కడు అడగలేనిది నలుగురు కలిసి అడగడం.